ఫొటోలోని బ్రిటిష్ ఆవిరి ఇంజిను ఏ తరగతిదో తేల్చడం ఎలా? చక్రాల నుంచి నంబరు దాకా సమగ్ర మార్గదర్శి

యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో తీసిన ఫొటోలు, పిల్లలతో వెళ్లిన సెవర్న్ వ్యాలీ, బ్లూబెల్ వంటి పాత రైలు మార్గాల ఫొటోలు, పాత సామాన్ల సంతలో కొన్న నలుపు తెలుపు ఫొటోలు... బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు పాఠకులు ఇవి తరచూ పంపుతున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇది ఏ ఇంజిను?"

ఒక్కో ఫొటోకు జవాబు చెప్పడం కన్నా, ఎవరికి వారే తేల్చుకునే పద్ధతి చెప్పడం మేలనిపించింది. ఇందులో పాండిత్యం కన్నా వరుస ముఖ్యం. చాలామంది ఫొటో చూడగానే నంబరు మీద పడతారు. తప్పు అక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకు 5000 అన్న నంబరు తీసుకోండి. గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో అది 'లాన్‌సెస్టన్ క్యాజిల్' ఇంజినుది. ఎల్ఎంఎస్ కంపెనీలో అదే నంబరు 'బ్లాక్ ఫైవ్' తరగతి (ఒకే నమూనాలో కట్టిన ఇంజిన్ల వరుస) ఇంజినుది. రెండూ 4-6-0 చక్రాల అమరిక (వివరం రెండో మెట్టులో) ఉన్న ఇంజిన్లే, రెండూ ఒకే కాలంలో నడిచాయి. ఆ అంకెను ఏ కంపెనీ, ఏ సంవత్సరంలో రాసిందో తెలియకుండా నంబరుతో ఏదీ తేలదు. అందుకే నంబరును అయిదో మెట్టు దాకా ఆపి ఉంచుతాం.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఫొటో అసలు ఫైలు. ఫోనులో చేతులు మారిన ఫొటో కుంచించుకుపోయి అంకెలు అలుక్కుపోతాయి. తీసినవారినే అడిగి తెప్పించుకోండి.
- అచ్చు ఫొటో అయితే వెనుక వైపు కూడా. పెన్సిలుతో రాసిన ఊరి పేరు, తేదీ చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.
- ఒక భూతద్దం.
- నోటు పుస్తకంలో రెండు గడులు: ఒకటి "కంటికి కనిపించింది", రెండోది "నేను అనుకుంటున్నది".

ఆ రెండు గడులను చిన్న విషయంగా తీసుకోకండి. "ఆకుపచ్చ రంగు" అన్నది కనిపించింది. "కాబట్టి గ్రేట్ వెస్టర్న్" అన్నది అనుకున్నది. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతే, తర్వాత పొరపాటు ఎక్కడ జరిగిందో వెతుక్కోవడం కష్టం.

ఇక నాలుగు తేదీలు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

- 1922 చివరి దాకా: వందకు పైగా వేర్వేరు కంపెనీలు. ఎవరి నంబర్లు వారివి, ఎవరి తరగతుల పేర్లు వారివి.
- 1923 జనవరి 1: 1921 నాటి రైల్వే చట్టం ప్రకారం దాదాపు అన్నీ నాలుగు పెద్ద కంపెనీలయ్యాయి. లండన్ మిడ్లాండ్ అండ్ స్కాటిష్ (ఎల్ఎంఎస్), లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ (ఎల్ఎన్ఈఆర్), గ్రేట్ వెస్టర్న్ (జీడబ్ల్యూఆర్), సదరన్ (ఎస్ఆర్).
- 1948 జనవరి 1: జాతీయీకరణ. నాలుగూ కలిసి బ్రిటిష్ రైల్వేస్.
- 1968 ఆగస్టు 11: బ్రిటిష్ రైల్వేస్ ప్రధాన మార్గాల్లో ఆవిరి యుగానికి చివరి రోజు.

ఇకపై ప్రతి మెట్టులోనూ "ఇది ఈ నాలుగు తేదీల్లో ఎక్కడ పడుతుంది?" అని అడుగుతూ ఉండాలి.

## 2. చక్రాలు లెక్కపెట్టండి

బ్రిటన్‌లో వాడేది వైట్ పద్ధతి. ఇంజిను ముందు నుంచి వెనక్కి మూడు అంకెలు: ముందున్న చిన్న చక్రాలు, బండిని లాగే పెద్ద చక్రాలు, వెనుక ఉన్న చిన్న చక్రాలు. రెండు వైపులా ఉన్న చక్రాలు కలిపి లెక్క. ఫొటోలో ఒక వైపే కనిపిస్తుంది కాబట్టి కనిపించినవాటిని రెట్టింపు చేయండి.

ఒక వైపు రెండు చిన్నవి, మూడు పెద్దవి, ఒక చిన్నది ఉంటే అది 4-6-2. దీనినే పసిఫిక్ అంటారు. ముందూ వెనుకా చిన్న చక్రాలు లేకుండా మూడు పెద్దవే ఉంటే 0-6-0. మన రైల్వేలోనూ ఇదే లెక్క. డబ్ల్యూపీ 4-6-2, డబ్ల్యూజీ 2-8-2 అని గుర్తున్నవారికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసింది లేదు.

లాగే చక్రాలను గుర్తించేది పరిమాణం చూసి కాదు, వాటిని కలుపుతూ అడ్డంగా సాగే ఇనుప కడ్డీని చూసి. ఆ కడ్డీ ఏయే చక్రాలను పట్టుకుందో అవే మధ్య అంకె.

తరచూ జరిగే పొరపాట్లు:

- వెనుక ఉన్న బొగ్గు, నీళ్ల బండి చక్రాలు కలిపేయడం. దాన్ని టెండరు అంటారు. దాని చక్రాలు లెక్కలోకి రావు.
- సిలిండరు (ఆవిరి పిస్టనును నెట్టే గొట్టం) చాటున ఉన్న ముందు చక్రాన్ని వదిలేయడం. 2-6-0ను 0-6-0 అనుకోవడానికి కారణం ఇదే.
- డ్రైవరు నిలబడే గది కింద, చీకట్లో ఉన్న వెనుక చక్రాన్ని వదిలేయడం. 4-6-2 కాస్తా 4-6-0 అయిపోతుంది. ఫొటో వెలుతురు పెంచి ఆ మూల మరోసారి చూడండి.
- ఐరోపా పద్ధతితో కలగలపడం. అక్కడ చక్రాలకు బదులు ఇరుసులు లెక్కపెడతారు.

## 3. నీళ్లు ఎక్కడ మోస్తోందో చూడండి

వెనుక టెండరు ఉంటే అది టెండరు ఇంజిను. లేకపోతే ట్యాంకు ఇంజిను, అంకెల చివర 'టీ' చేరుతుంది: 0-6-0టీ.

ట్యాంకు ఆకారం తరగతిని సగం చెప్పేస్తుంది. బాయిలరుకు రెండు పక్కలా నేల మీద నిలిపిన గోడల్లా ఉంటే పక్క ట్యాంకు. బాయిలరు మీద జీను వేసినట్టు వంపు తిరిగి కూర్చుంటే శాడిల్ ట్యాంకు. పెరికెద్దు మీద రెండు వైపులా వేలాడే గోనెసంచుల్లా, కింద ఖాళీ వదిలి బాయిలరుకు తగిలించినట్టుంటే పానియర్ ట్యాంకు. పానియర్ కనిపించిందంటే దాదాపు ఖాయంగా గ్రేట్ వెస్టర్న్ ఇంజినే. వాటిలో 5700 తరగతివే 863 ఉన్నాయి.

## 4. కంపెనీ పోలికలు పట్టుకోండి

మనుషుల్లో ఇంటి పోలిక ఉన్నట్టే ఇంజిన్లలోనూ ఉంటుంది. రంగు చూడకండి, ఆకారం చూడండి. రంగు ఎప్పుడైనా మార్చవచ్చు. ఆకారం మార్చాలంటే ఇంజినును వర్క్‌షాపుకు తీసుకెళ్లాల్సిందే.

గ్రేట్ వెస్టర్న్: పొగగొట్టం పైఅంచుకు రాగి తొడుగు. బాయిలరు మధ్యలో ఇత్తడి గంట లాంటి సేఫ్టీ వాల్వు తొడుగు. పెద్ద ఇంజిన్లలో డోమ్ (బాయిలరు మీది గుండ్రటి బుడిపె) ఉండదు. క్యాబ్ (డ్రైవరు గది) పక్కన నంబరు రంగుతో రాసినది కాదు, పోత పోసిన ఇత్తడి పలక. చక్రాల బయట కడ్డీలు చాలా తక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే వాల్వులను కదిలించే యంత్రాంగమంతా లోపలే ఉంటుంది.

ఎల్ఎంఎస్: 1932 తర్వాత చీఫ్ మెకానికల్ ఇంజినీరు స్టానియర్ రూపొందించినవే మీకు ఎక్కువగా ఎదురవుతాయి. ముందుకు సన్నబడే బాయిలరు, వెనుక చతురస్రపు భుజాలున్న ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే అగ్గిగూడు), చక్రాల బయట స్పష్టంగా కనిపించే వాల్వు కడ్డీలు.

ఎల్ఎన్ఈఆర్: చీఫ్ ఇంజినీరు గ్రెస్లీ రూపొందించిన ఇంజిన్లలో ఫైర్‌బాక్స్ పైభాగం గుండ్రంగా ఉంటుంది. పెద్ద ఇంజిన్లకు మూడు సిలిండర్లు, ముందు బఫర్ల (తాకిడిని అడ్డుకునే గుండ్రటి దిమ్మెల) మధ్య నుంచి చూస్తే మూడోది లోపల ఉన్న జాడ తెలుస్తుంది.

సదరన్: చీఫ్ ఇంజినీరు బులీడ్ రూపొందించిన పసిఫిక్‌లయితే అసలు బాయిలరే కనిపించదు, రేకు పెట్టెలో పెట్టినట్టుంటుంది. 1956 నుంచి వాటిలో చాలావాటికి ఆ రేకు తీసేశారు. అప్పుడవి మామూలు పసిఫిక్‌ల్లాగే కనిపిస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డోమ్ లేదు కాబట్టి గ్రేట్ వెస్టర్న్ అని తీర్మానించకండి. తొలి బ్లాక్ ఫైవ్‌లకూ డోమ్ లేదు. మొదట చెప్పిన రెండు 5000ల చిక్కును విప్పేది డోమ్ కాదు. క్యాబ్ మీది ఇత్తడి పలక, చక్రాల బయటి కడ్డీలు, ఈ రెండూ చూడండి. పలక ఉండి కడ్డీలు లేకపోతే లాన్‌సెస్టన్ క్యాజిల్. కడ్డీలు ఉండి పలక లేకపోతే బ్లాక్ ఫైవ్.

## 5. ఇప్పుడు నంబరు చదవండి

### 5.1 అయిదంకెల నంబరు ఉంటే

అయిదంకెల నంబరు చాలామటుకు 1948 తర్వాతి గుర్తు. 1923 తర్వాత ఎల్ఎంఎస్‌లో 10000 దాటిన కొన్ని నంబర్లు ఉండేవి. ఆ మినహాయింపు గుర్తుంచుకుంటే చాలు. బ్రిటిష్ రైల్వేస్ వేసిన లెక్క తేలికైనది. పాత నంబరుకు ఒక సంఖ్య కలిపారు:

- గ్రేట్ వెస్టర్న్: ఏమీ కలపలేదు. ఇత్తడి పలకలు మార్చాల్సిన పని లేకుండా పాత నంబరే ఉంచారు.
- సదరన్: 30000 కలిపారు.
- ఎల్ఎంఎస్: 40000 కలిపారు. 20000 దాటిన పాత నంబర్లకు మాత్రం 58000లలో కొత్తవి ఇచ్చారు.
- ఎల్ఎన్ఈఆర్: 60000 కలిపారు.
- బ్రిటిష్ రైల్వేస్ సొంత ప్రామాణిక ఇంజిన్లు: 70000 నుంచి 84000ల వరకు, వాటిలో 9ఎఫ్ అనే సరుకు ఇంజిన్లకు 92000 నుంచి.
- యుద్ధకాలంలో సైన్యం కోసం కట్టిన 2-8-0, 2-10-0 ఇంజిన్లు: 90000లు.

తరచూ ఎదురయ్యే వరుసలు ఇవి, రాసి పెట్టుకోండి:

- 34001–34110: బులీడ్ తేలిక పసిఫిక్‌లు. 35001–35030: మర్చంట్ నేవీ.
- 44658–45499: బ్లాక్ ఫైవ్, మొత్తం 842.
- 45500–45551: పేట్రియట్. 45552–45742: జూబిలీ.
- 46100–46170: రాయల్ స్కాట్. 46220–46257: ప్రిన్సెస్ కొరొనేషన్.
- 60001–60034: ఏ4. 60800–60983: వీ2.
- 70000–70054: బ్రిటానియా. 92000–92250: 9ఎఫ్.

ప్రామాణిక ఇంజిన్లన్నీ కలిపి 999. వాటిలో చివరిది 1960 మార్చిలో స్విండన్‌లో పూర్తయిన 92220 'ఈవెనింగ్ స్టార్'. నంబరు వరుసలో చివరిది 92250 కదా అని సందేహం వస్తుంది. క్రూలో కట్టిన ఆ వరుస నంబర్లు ముందే పూర్తయ్యాయి. నంబరు వరుస, కట్టిన వరుస ఎప్పుడూ ఒకటి కావు. బ్లాక్ ఫైవ్‌ల్లోనూ అంతే. న్యూటన్-లె-విల్లోస్‌లోని వల్కన్ ఫౌండ్రీ కట్టిన 5020 ముందు బయటికి వచ్చింది, 5000 ఆ తర్వాత వచ్చింది.

### 5.2 నాలుగంకెలు, అంతకన్నా తక్కువ ఉంటే

ఇక్కడే ఓపిక కావాలి. మూడు అవకాశాలున్నాయి: 1923కు ముందరి కంపెనీ నంబరు, 1923–1947 మధ్య నాలుగు కంపెనీల్లో ఒకదాని నంబరు, లేదా ఏ కాలంలోనైనా గ్రేట్ వెస్టర్న్ నంబరు. నాలుగో మెట్టులో పట్టుకున్న పోలికలే ఇక్కడ దారి చూపిస్తాయి.

1924లో ఎల్ఎన్ఈఆర్ పాత కంపెనీల నంబర్లకు వేల చొప్పున కలిపింది. నార్త్ ఈస్టర్న్ నంబర్లు అలాగే ఉంచి, గ్రేట్ నార్తర్న్‌కు 3000, గ్రేట్ సెంట్రల్‌కు 5000, గ్రేట్ ఈస్టర్న్‌కు 7000, నార్త్ బ్రిటిష్‌కు 9000 కలిపారు. 1946లో అదంతా తీసేసి తరగతుల వారీగా కొత్త నంబర్లు వేశారు. కాబట్టి ఎల్ఎన్ఈఆర్ ఇంజినుకు నాలుగంకెల నంబరు చూసినప్పుడు, "1946కు ముందా, తర్వాతా?" అని అడగకుండా జాబితా తెరవకండి.

'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' ఒక్కటి చూస్తే ఈ మార్పులన్నీ అర్థమవుతాయి. 1923లో డాంకాస్టర్‌లో పూర్తయినప్పుడు 1472. 1924లో 3000 కలిపి 4472. 1946 జనవరిలో 502, అదే ఏడాది మేలో 103. 1948లో 60103. ఇంజిను ఒకటే, నంబర్లు అయిదు. మొదట ఏ1 తరగతి, 1947లో బాయిలరు మార్చాక ఏ3. "4472, ఏ3" అని ఎవరైనా శీర్షిక రాస్తే ఆ రెండూ కంపెనీ రోజుల్లో ఎన్నడూ ఒకేసారి నిజం కాలేదని మీరు చెప్పగలగాలి.

### 5.3 అంకెల పక్కన అక్షరాలుంటే

- 1948 తొలి నెలల్లో కొత్త నంబర్లు తేలక ముందు పాత నంబరుకు ఎం, ఈ, ఎస్, డబ్ల్యూ అక్షరాలు చేర్చారు. ఇది కనిపిస్తే తేదీ దాదాపు చేతికి వచ్చినట్టే.
- సదరన్‌లో 1931కు ముందు ఏ, బీ, ఈ: యాష్‌ఫర్డ్, బ్రైటన్, ఈస్ట్‌లీ వర్క్‌షాపుల సూచికలు. 1931లో అక్షరాలు తీసేసి, ఏ ఉన్నవాటికి 1000, బీ ఉన్నవాటికి 2000 కలిపారు.
- వైట్ ద్వీపంలోని ఇంజిన్లకు డబ్ల్యూ అక్షరం బ్రిటిష్ రైల్వేస్ రోజుల్లోనూ ఉండిపోయింది. పై డబ్ల్యూతో దీన్ని కలపకండి.
- 21సీ1 వంటివి బులీడ్ పెట్టిన నంబర్లు. ముందు రెండు ఇరుసులు, వెనుక ఒకటి, సీ అంటే లాగే ఇరుసులు మూడు, చివరిది వరుస సంఖ్య. 21సీ1 తర్వాత 35001 అయింది.

అంకెలు చదివేటప్పుడు 3, 8, 6 దగ్గర ఆగండి. పొగపెట్టె (బాయిలరు ముందు చివరి భాగం) తలుపు మీది పోత పలకకు మసి పడితే ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. క్యాబ్ పక్కన రాసిన నంబరుతో సరిచూడకుండా ఖాయం చేయకండి. టెండరు మీద ఉన్న చిన్న పలక నంబరును మాత్రం ఇంజిను నంబరుగా రాయకండి. టెండర్లు ఇంజిన్ల మధ్య మారుతూనే ఉండేవి.

## 6. తరగతి పేరు వెనుక ఉన్న తర్కం

ఎల్ఎన్ఈఆర్ పద్ధతి అన్నింటికన్నా శుభ్రమైనదని నా అభిప్రాయం. అక్షరం చక్రాల అమరికను, అంకె తరగతిని చెబుతుంది. ఏ అంటే 4-6-2, బీ 4-6-0, సీ 4-4-2, డీ 4-4-0, జే 0-6-0, కే 2-6-0, ఎన్ 0-6-2, ఓ 2-8-0, వీ 2-6-2. రెండో మెట్టులో చక్రాలు సరిగ్గా లెక్కపెట్టి ఉంటే అక్షరం ఇప్పటికే మీ చేతిలో ఉంది.

మన రైల్వే అక్షరాలకు అలవాటుపడినవారు ఇక్కడ తడబడతారు. మనకు డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, పీ అంటే ప్యాసింజరు. ఎల్ఎన్ఈఆర్‌లో పీ అంటే 2-8-2, డబ్ల్యూ అంటే 4-6-4. ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టాలి.

గ్రేట్ వెస్టర్న్‌లో తరగతి పేరు సాధారణంగా ఆ వరుసలోని మొదటి ఇంజిను నంబరు లేదా రకం పేరు: 4073 లేదా క్యాజిల్, 6000 లేదా కింగ్. చాలా వరుసల్లో రెండో అంకె తరగతిని పట్టిస్తుంది. 5700 తరగతి పానియర్లు 57, 67, 77, 87, 97, 37 వరుసల్లో ఉంటాయి. ఆ ఖాళీలు నిండాక 36, 46, 96 వాడారు. అంటే ఈ సూత్రం నమ్మదగినదే, కానీ ఎక్కడో ఒకచోట తెగుతుంది. క్యాజిల్‌లు 4073–4099, 5000–5099, 7000–7037గా చెదిరి ఉన్నాయి.

ఎల్ఎంఎస్‌లో తరగతి అంటే బలం అంకె, దాని పక్కన పీ లేదా ఎఫ్. పీ ప్యాసింజరు, ఎఫ్ సరుకు. "4ఎఫ్" అన్నంత మాత్రాన ఒక ఇంజిను తేలదు కాబట్టి చక్రాల అమరిక కూడా కలిపి రాయండి: 4ఎఫ్ 0-6-0.

సదరన్‌లో తర్కం వెతకకండి. ఎం7, టీ9 వంటివి నైన్ ఎల్మ్స్ వర్క్‌షాపు ఆర్డరు సంఖ్యల నుంచి వచ్చాయి. ఎం7 0-4-4టీ, టీ9 4-4-0. అక్షరానికీ చక్రాలకూ సంబంధం లేదు, గుర్తు పెట్టుకోవలసిందే.

## 7. బలం గుర్తు

క్యాబ్ పక్కన నంబరు దగ్గర చిన్న గుర్తు వెతకండి. బ్రిటిష్ రైల్వేస్‌లో 0 నుంచి 9 దాకా అంకె, పక్కన పీ, ఎఫ్ లేదా రెండు పనులకూ వాడేదానికి ఎంటీ. బ్లాక్ ఫైవ్ 5ఎంటీ. గ్రేట్ వెస్టర్న్ ఇంజిన్లకు రంగు చుక్కలో అక్షరం ఉంటుంది. అక్షరం బలం, రంగు అది వెళ్లగల మార్గం. పసుపు, నీలం, ఎరుపు వరుసగా బరువు పెరుగుతుంది. కింగ్‌లకు రెండు ఎర్ర చుక్కలు, ఇరుసు మీద 22.5 టన్నుల బరువు కాబట్టి.

ఫొటోలో గుర్తు కనిపించకపోతే, కొలతలు తెలిసిన ఇంజిను లాగుడు బలాన్ని మీరే లెక్కకట్టవచ్చు:

1. బాయిలరు పీడనాన్ని (చదరపు అంగుళానికి పౌండ్లలో) 0.85తో హెచ్చించండి.
2. సిలిండరు వ్యాసం వర్గాన్ని, పిస్టను కదిలే పొడవును దానికి హెచ్చించండి. కొలతలు అంగుళాల్లో.
3. లాగే చక్రం వ్యాసంతో భాగించండి.
4. రెండు సిలిండర్లయితే ఇదే జవాబు. మూడయితే ఒకటిన్నర రెట్లు, నాలుగయితే రెట్టింపు.

బ్లాక్ ఫైవ్: పీడనం 225, సిలిండరు 18.5, పిస్టను 28, చక్రం 72. జవాబు 25,455 పౌండ్లు. ఇప్పుడు జూబిలీ మీరు చేయండి: 225, 17, 26, 81, సిలిండర్లు మూడు. సుమారు 26,610 వస్తే సరిగ్గా చేశారు.

ఈ అంకెను ఇంజిను మొత్తం సత్తాగా తీసుకోవడం పెద్ద పొరపాటు. ఇది బండి కదిలే క్షణంలో లాగగల బలం మాత్రమే. సదరన్ క్యూ1, ఆరే చక్రాల సరుకు ఇంజిను, 30,080 పౌండ్లు. ఎక్స్‌ప్రెస్ ఏ3 దాదాపు 32,910. తేడా అంతే. కానీ గంటల తరబడి వేగంగా లాగాలంటే ఆవిరి తయారవుతూ ఉండాలి. అది బాయిలరు, అగ్గిగూడు పరిమాణం మీద ఆధారపడుతుంది.

## 8. ఫొటో కాలం

- టెండరు మీద పూర్తిగా "బ్రిటిష్ రైల్వేస్" అని అక్షరాలుంటే: 1948 తర్వాత రాసినది.
- చక్రం మీద నిలబడ్డ సింహం చిహ్నం: 1949 కన్నా ముందు కాదు.
- కిరీటం నుంచి లేస్తూ చేతుల్లో చక్రం పట్టుకున్న సింహం: 1956 కన్నా ముందు కాదు.
- క్యాబ్ పక్కన ఏటవాలు పసుపు గీత: 1964 కన్నా ముందు కాదు. క్రూకు దక్షిణాన విద్యుత్ తీగల కింద ఈ ఇంజిను వెళ్లకూడదని దాని అర్థం.

"ముందు కాదు" అన్న మాటను పట్టుకోండి. పాత చిహ్నం మళ్లీ రంగు వేసేదాకా ఏళ్ల తరబడి ఉండిపోయేది. కాబట్టి పాత సింహం కనిపిస్తే 1956కు ముందే తీశారని చెప్పలేం. చిహ్నం కాలానికి ఒక హద్దే చూపిస్తుంది, రెండో హద్దు మరో ఆధారంతో పట్టుకోవాలి.

పొగపెట్టె తలుపు అడుగున అండాకారపు చిన్న పలక షెడ్డు (ఇంజినును నిలిపే చోటు) గుర్తు: 34ఏ కింగ్స్ క్రాస్, 81ఏ ఓల్డ్ ఓక్ కామన్, 70ఏ నైన్ ఎల్మ్స్, 5ఏ క్రూ నార్త్. దాని కింద "ఎస్‌సీ" అని ఉంటే షెడ్డు కాదు, బూడిద తనంతట తానే బయటికి పోయే పొగపెట్టె అని సూచన. ముందున్న దీపాలు ఇంజినుకు కాకుండా రైలుకు సంబంధించినవి. రెండు బఫర్ల మీదా ఒక్కో దీపం ఉంటే ఎక్స్‌ప్రెస్.

## 9. ఒక ఫొటో మీద మొత్తం పద్ధతి

డార్బీలో ఉంటున్న ఒక పాఠకురాలు పాత సామాన్ల సంతలో కొన్న నలుపు తెలుపు ఫొటో పంపారు. వెనుక ఏమీ రాసి లేదు. పొగపెట్టె పలక మీద 455 స్పష్టంగా ఉంది. తర్వాతి అంకెను ఆవిరి కమ్మేసింది, చివరిది 5.

చక్రాలు: రెండు చిన్నవి, మూడు పెద్దవి, వెనుక ఏమీ లేవు. 4-6-0. వెనుక టెండరు, దాని మీద చక్రం మీది సింహం చిహ్నం. చక్రాల బయట కడ్డీలు, చతురస్రపు ఫైర్‌బాక్స్. ఎల్ఎంఎస్ పోలికే.

నంబరు 455_5. అంటే పది అవకాశాలు. 45505 నుంచి 45545 దాకా అయిదు పేట్రియట్‌లు, 45555 నుంచి 45595 దాకా అయిదు జూబిలీలు. ఇక్కడ బాయిలరు చూశాం. మార్పు చేయని పేట్రియట్‌కు ముందు నుంచి వెనక్కి ఒకే లావున్న బాయిలరు. ఫొటోలోనిది ముందుకు సన్నబడుతోంది. కొత్త బాయిలరు వేసిన పేట్రియట్ కావచ్చు కదా? వాటికి జంట పొగగొట్టం, దీనికి ఒంటి పొగగొట్టం. కాబట్టి జూబిలీ, మిగిలినవి అయిదు.

చివరికి మధ్య చక్రం పైన వంపు తిరిగిన పేరు పలకను పెద్దది చేసి చూశాం. మొదటి అక్షరాలు నీడలో ఉన్నాయి, చివర "బాద్" అన్నది మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఆ అయిదింటి పేర్లు క్యుబెక్, విక్టోరియా, మద్రాస్, హైదరాబాద్, సదరన్ రొడీషియా. ఇంజిను 45585 'హైదరాబాద్'. జూబిలీలకు నాటి సామ్రాజ్యపు ప్రాంతాల పేర్లు పెట్టినప్పుడు మన సంస్థానాల పేర్లూ కొన్నింటికి వచ్చాయి. ఆ సంగతి తెలిశాక ఆమె ఆ ఫొటోకు చట్రం కట్టించారు.

ఇక్కడ పేరు చివరి మెట్టుగానే వచ్చింది చూడండి. పేరుతోనే మొదలుపెట్టి ఉంటే, నీడలో ఉన్న ఆ అక్షరాలను మన ఇష్టం కొద్దీ పూరించుకునేవాళ్లం.

## 10. భద్రపరచిన ఇంజిన్ల దగ్గర అదనపు జాగ్రత్తలు

మ్యూజియంలో, పాత రైలు మార్గాల్లో కనిపించే రంగు, నంబరు, పేరు ఆ ఇంజినుకు ఎప్పుడూ లేనివి కావచ్చు.

- ఒక ప్రసిద్ధ సినిమా కోసం ఎర్ర రంగు వేసుకుని, 'క్యాజిల్' అన్న పేరు పలక తగిలించుకున్నది నిజానికి గ్రేట్ వెస్టర్న్ హాల్ తరగతి ఇంజిను, 5972 'ఓల్టన్ హాల్'.
- 60163 'టొర్నాడో' పాత ఇంజిను కాదు. ఏ1 తరగతి (ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ నాటిది కాదు, తర్వాత అదే పేరుతో వచ్చినది) వరుస 60162తో ఆగిపోతే, 2008లో పూర్తయిన ఈ కొత్త ఇంజినుకు తర్వాతి నంబరు ఇచ్చారు.
- కంపెనీ రోజుల్లోనే పేర్లు మార్చుకున్నవి ఉన్నాయి. 1939లో ఎల్ఎంఎస్ ప్రదర్శనకు అమెరికా పంపినది 6229 'డచెస్ ఆఫ్ హామిల్టన్', కానీ దాని మీద 6220 'కొరొనేషన్' అని రాసి పంపారు. 1939 నాటి అమెరికా ఫొటోలో నంబరు చదివి మోసపోకండి.
- జూబిలీల్లో మిగిలినవి నాలుగే: 45593 'కొల్హాపూర్', 45596 'బహామాస్', 45690 'లియాండర్', 45699 'గలటియా'. ఇప్పటి రంగు ఫొటోలో జూబిలీ మీద ఇంకో పేరు కనిపిస్తే అది పైకి వేసుకున్న వేషం.

## 11. శీర్షిక రాసే ముందు సరిచూసుకునే పట్టిక

- చక్రాలు రెండుసార్లు లెక్కపెట్టానా? టెండరువి వదిలేశానా?
- కంపెనీని ఆకారంతో తేల్చానా, రంగుతోనా?
- నంబరు రెండు చోట్ల సరిపోయిందా?
- ఆ నంబరు ఆ కాలంలో ఆ ఇంజినుకు ఉందా?
- తరగతి పేరు ఆ సంవత్సరానికి సరైనదేనా?
- కాలానికి "ముందు కాదు" హద్దు రాశానా?
- తెలియని అంకెను ఖాళీగానే వదిలానా?

శీర్షిక ఇలా రాయండి: "ఎల్ఎంఎస్ జూబిలీ తరగతి, 4-6-0, నం. 45585 హైదరాబాద్. చక్రం మీది సింహం చిహ్నం ఉంది కాబట్టి 1949 కన్నా ముందు కాదు. స్థలం తెలియదు."